డేటాబేస్ సర్వర్ ఎంత మాట్లాడాలి? పోస్ట్‌గ్రెస్‌లో స్టార్టప్ లాగ్ సెట్టింగ్

పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో అప్‌డేట్ అయ్యాక "ఆప్టిమైజింగ్ యాప్" అంటూ నంబర్లు కదిలేవి, గుర్తుందా? నంబర్ కదిలినంతసేపు ఓపిగ్గా కూర్చునేవాళ్లం. అదే లోగో దగ్గర ఆగిపోతే చెయ్యి పవర్ బటన్ మీదకు వెళ్లిపోయేది. డేటాబేస్ సర్వర్‌తో కూడా నేను అదే పని చేశా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి మా పోస్ట్‌గ్రెస్ 13 సర్వర్ క్రాష్ అయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే, రీడూ మొదలైందని లాగ్‌లో ఒక లైన్ వచ్చింది, అంతే. రీడూ అంటే చివరి చెక్‌పాయింట్ తర్వాత వాల్ ఫైళ్లలో రాసుకున్న మార్పులన్నీ మళ్లీ అప్లై చేయడం. (వాల్ వేరు, మనం చదివే లాగ్ వేరు.) ఇరవై నిమిషాలు చూశా, ఉలుకూ పలుకూ లేదు. హ్యాంగ్ అయిందనుకుని రీస్టార్ట్ కొట్టా. రికవరీ మళ్లీ అదే చెక్‌పాయింట్ నుంచి మొదలు! డేటా పోలేదు గానీ, ఆ ఇరవై నిమిషాలూ బూడిదలో పోసినట్టే. పొద్దున్నే మా సీనియర్‌కి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

2022లో వచ్చిన వెర్షన్ 15లో దీనికి ఒక సెట్టింగ్ ఇచ్చారు: లాగ్ స్టార్టప్ ప్రోగ్రెస్ ఇంటర్వెల్. డిఫాల్ట్ 10 సెకన్లు. స్టార్టప్‌లో ఏ పనైనా అంతకంటే ఎక్కువసేపు పడితే, ప్రతి 10 సెకన్లకు ఒక లైన్ వస్తుంది. రీడూ అయితే ఎంతసేపయింది, వాల్‌లో ఎక్కడిదాకా వచ్చింది అన్నది అందులో ఉంటుంది. ఒక్కో పనికి టైమర్ వేరు. ఫైళ్ల సింక్‌కి 25 సెకన్లు పడితే రెండు లైన్లు, తర్వాతి పని 8 సెకన్లలో అయిపోతే ఒక్కటీ రాదు.

నాకు నచ్చింది, లెక్క టైమ్ మీద ఉండటం. వెయ్యి రికార్డులకో లైన్ అని పెట్టి ఉంటే, ఫాస్ట్ డిస్క్ ఉన్న సర్వర్‌లో లాగ్ నిండిపోయేది, స్లో డిస్క్‌లో మళ్లీ మౌనమే. ఇప్పుడు గంట రికవరీకి 360 లైన్లు. 1 సెకను పెడితే 3,600, వాటి మధ్య అసలు ఎర్రర్ వెతుక్కోవాలి.

ఒక తిరకాసు ఉంది. ఇక్కడ 0 అంటే పూర్తిగా ఆఫ్. అదే స్లో క్వెరీల సెట్టింగ్, లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్‌లో 0 అంటే ప్రతి క్వెరీనీ రాసెయ్ అని! కలిపేసుకోకండి. ఇంకోటి, స్టాండ్‌బై సర్వర్‌లో రీప్లే నడుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ రీడూ లైన్లు రావు.

నేనైతే 10నే ఉంచా. ఈసారి క్రాష్ అయితే వరసగా రెండు లైన్లు చూస్తా. వాల్ పొజిషన్ కదులుతుంటే రీస్టార్ట్ జోలికి పోను.