యంత్రములో యంత్రము

సంక్రాంతి సెలవులు గడచి మిరపకాయలు యార్డునకు దిగుచున్న దినములలో, మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు నొక బాలుని తండ్రి మమ్ము చూడవచ్చెను. ఆయన ప్రత్తిపాడు వైపు రైతు. గుంటూరు యార్డులో టిక్కీలు దింపితిననియు, ధర తేలినదనియు, కాటాకు ఇంకను వేళ యున్నందున ఇటు వచ్చితిననియు చెప్పెను. ఆయన చేతిలో నొక కాగితము కలదు. దానిపై కుమారుడొక గ్రాఫిక్సు కార్డు పేరును, వెలయు వ్రాసి యిచ్చెనట. "ఇది లేకపోతే కంప్యూటర్లో ఆటలు నడవవంటన్నాడు మాస్టారూ. కొనాలా, వద్దా? మీరొక మాట చెప్పండి" అని అడిగెను.

వెలను చూచితిమి. ఆ దినము ఆయన తెచ్చిన టిక్కీలలో కొన్ని ఆ కాగితమునకే చెల్లిపోవునట్లుండెను. మేము గణితము, భౌతికశాస్త్రము చెప్పువారమేగాని కంప్యూటరు అంగడివారము కాము. తెలియని వస్తువును కొనుమనుటయు, వలదనుటయు రెండును తప్పే గనుక, వారము దినములు గడువడిగితిమి. ఆ వారములో మేము నేర్చుకొనినదియు, పిల్లలతో కలిసి పరీక్షించినదియు ఇచట వ్రాయుచున్నాము.

ఆ బాలుడు ఆడగోరిన ఆటలు కంప్యూటరుకొఱకు చేయబడినవి కావు. సోనీవారు 2000 సంవత్సరమున విడుదల చేసిన ప్లేస్టేషన్ 2 అను ఆటపెట్టెకొఱకు చేయబడినవి. ఆ పెట్టె వారి యింట లేదు. ఉన్నది ఒక పాత కంప్యూటరు. ఒక యంత్రమునకై వ్రాసిన ఆజ్ఞలు మఱియొక యంత్రమునకు తెలియవు. రెంటి నడుమ నిలిచి, ఇది ఆ పెట్టెయే యని ఆటను నమ్మించు ప్రోగ్రామునకు ఎమ్యులేటరు అని పేరు.

ఇది మన సంఘములలోని పెద్దలకు క్రొత్త సంగతి కాదు. దొరగారు ఇంగ్లీషున ప్రసంగించుచుండగా ప్రక్కన దుబాసి నిలిచి ఒక్కొక్క వాక్యమును తెలుగున చెప్పుట వారెరుగుదురు. దొరగారు ఒక మాట పలికిన దుబాసి మూడు మాటలు పలుకవలసివచ్చును. అరగంట ప్రసంగము గంట పట్టును. ఎమ్యులేటరు చేయు పనియు నదియే. పెట్టె యొక్క ఆజ్ఞను చదువును, అదేమియో కనిపెట్టును, దానిని తన కంప్యూటరు ఆజ్ఞలు పెక్కింటితో నెరవేర్చును. కావుననే పాత పెట్టెను అనుకరింపవలెనన్న కంప్యూటరు దానికంటె ఎన్నో రెట్లు వేగముగలదై యుండవలెను. దుబాసి తెలివిగలవాడైనచో మఱియొక ఉపాయము చేయును. మాటిమాటికి వచ్చు భాగములను ఒకసారి తెనిగించి వ్రాసికొని, అవి మరల వచ్చినపుడు ఆ కాగితము చూచి చదువును. ఆటలో ఒకే ఆజ్ఞలవరుస వేలమార్లు తిరిగివచ్చును గనుక ఇందువలన లాభము మిక్కుటము. ప్లేస్టేషన్ 2 ను అనుకరించు పీసీఎస్ఎక్స్2 అను ఎమ్యులేటరు ఈ పద్ధతినే అనుసరించును.

ఇక గ్రాఫిక్సు కార్డు సంగతి. మిరపకోతకు ఇరువదిమంది స్త్రీలు చేనిలో దిగిరనుకొనుడు. ఒక్కొక్కరు ఒక్కొక్క సాలు పట్టుదురు. ఒకరి పని ముగియువరకు మఱియొకరు నిలువనక్కరలేదు. నలువదిమంది వచ్చినచో సగము ప్రొద్దులోనే చేను ముగియును. తెరమీద లక్షల చుక్కలకు రంగు వేయుట ఇట్టి పని. గ్రాఫిక్సు కార్డులో వందలకొలది, వేలకొలది చిన్న లెక్కగాండ్రు సాళ్లు పట్టినట్లు ఒక్కసారిగా పనిచేయుదురు. కాని యార్డులో గుమాస్తా పని వేరు. ధర తేలక కాటా వేయరు. కాటా కాక తక్‌పట్టీ వ్రాయరు. నలువదిమంది గుమాస్తాలను కూర్చుండబెట్టినను ఒక తక్‌పట్టీ నలువదిరెట్లు త్వరగా రాదు. ఎమ్యులేటరు పనిలో అధికభాగము ఈ గుమాస్తా పనియే. ప్లేస్టేషన్ 2 లో సెకనుకు 29 కోట్ల పైచిలుకు స్పందనములతో నడచు ముఖ్య ప్రాసెసరును, దానికి తోడు లెక్కలుకట్టు భాగములు రెండును, చిత్రములు గీయు భాగమొకటియు ఒకదానినొకటి కనిపెట్టుకొని నడచును. వాటి వరుస తప్పకుండ చూచుట కంప్యూటరు ప్రాసెసరు వంతేగాని కార్డు వంతు కాదు.

అయితే కార్డు వ్యర్థమా? కాదు. ఆ ఆటలు పాత టెలివిజను తెరకై చేయబడినవి గనుక నేటి పెద్దతెరపై మసకగా నుండును. ఎమ్యులేటరు వాటిని నిలువున మూడింతలు, అడ్డమున మూడింతలు పెంచి గీయగలదు. అప్పుడు చుక్కలు తొమ్మిదింతలగును. ఆ భారము కార్డుదే. దీనినిబట్టియే ఒక సుళువైన పరీక్ష కలదు: చిత్రప్రమాణమును ఆటపెట్టె యొక్క అసలు ప్రమాణమునకు తగ్గించి చూడవలెను. వేగము కుదిరినచో కొరత కార్డుది. కుదురనిచో క్రొత్త కార్డు వలన ప్రయోజనము లేదు.

శనివారమున వారి గ్రామమునకు పోయి ఈ పరీక్ష చేసితిమి. ప్రమాణము తగ్గించినను ఆట మునుపటివలెనే నత్తనడక నడచెను. కాగితము మీది కార్డు ఆ క్షణముననే అవసరము లేనిదాయెను. కాని కారణము తెలియలేదు, ఏలయనగా ఆ ప్రాసెసరు అంత మందమైనది కాదు. ఆట మొదలిడిన రెండు మూడు నిమిషములు బాగుగనే నడచి పిదప కుంటుచుండెను. అప్పుడు మా చూపు గదిమీదికి పోయెను. ఆ గదిలో గోడవరకు ప్రత్తి పోసియున్నారు! విద్యుత్తు తీసివేసి పెట్టె మూత విప్పితిమి. ప్రాసెసరును చల్లబరచు రేకుల నడుమ దూదినూగు మెత్తవలె పట్టియుండెను. ప్రాసెసరు మితిమీరి వేడెక్కినపుడు తాను చెడిపోకుండ వేగమును తానే తగ్గించుకొనును. ఒక మెత్తని కుంచెతో ఆ నూగు తీసి, ఎండిపోయిన లేపనమును తుడిచి క్రొత్తది పూసితిమి. ఆటలలో పెక్కు కుదురుగా నడచెను. ఒకటి రెండు భారమైనవి ఇప్పటికిని నడువవు. ప్రత్తి పోయు గదిలో కంప్యూటరు పెట్టరాదను సంగతిని మన జిల్లాల విద్యార్థులు తప్పక గుర్తుంచుకొనవలెను. ఏ పుస్తకములోను మాకిది కనబడలేదు.

అసలు కథ ఇచటినుండి మొదలగుచున్నది. తండ్రి సంతోషమునకై బాలుడు ఎమ్యులేటరులో పాత మారియో ఆటను పెట్టి చూపెను. తండ్రి కొంతసేపు చూచి, "ఇది మా ఆట కాదండీ. ఇది ఉరుకుతా ఉంది. పాట కూడా తొందర తొందరగా వస్తంది" అనెను. కుమారుడు నవ్వి, ముప్పది యేండ్ల క్రిందటిది నాన్న మరచిపోయినాడనెను. మేమును బాల్యమున పొరుగింట ఆ ఆట ఆడినవారమే. మాకును ఏదో తేడా తోచెను గాని, మా జ్ఞాపకమును సాక్ష్యముగా నిలుపుటకు ధైర్యము చాలలేదు.

1990 తరువాతి సంవత్సరములలో సమురాయి, లిటిల్ మాస్టర్ మొదలగు పేర్లతో మన యూళ్లకు వచ్చిన ఆటపెట్టెలు, నింటెండోవారు 1983 జూలైలో జపానున విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటరు జాతివి. దాని సామగ్రి విన్నచో నేటి బాలురకు నవ్వు వచ్చును. పనికై 2 కిలోబైట్ల స్మృతి; చిత్రమునకై మఱి 2 కిలోబైట్లు. తెర అడ్డమున 256 చుక్కలు, నిలువున 240 చుక్కలు, చుక్కలముగ్గు వలెనే. అన్ని చుక్కల రంగులను గుర్తుంచుకొనుటకు స్మృతి చాలదు గనుక, పెడన కలంకారీవారు చెక్కఅచ్చులు అద్దినట్లు ఆ పెట్టె చేయును. ఎనిమిది చుక్కల అడ్డము, ఎనిమిది చుక్కల నిలువు గల అచ్చులు కొన్ని దానియొద్ద నుండును. తెరను 960 గళ్లుగా భాగించి, ఏ గడిలో ఏ అచ్చు అద్దవలెనో ఆ సంఖ్యను మాత్రమే వ్రాసికొనును. అచ్చు ఒకటియే యైనను రంగు మార్చవచ్చును. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్సులో ఆకసమున తెల్లని మేఘమును, నేలపై పచ్చని పొదయు ఒకే అచ్చు. ఇన్ని యేండ్లు ఆడినవారిలో ఎందఱు దీనిని కనిపెట్టిరో! ఆ ఆట అంతయు 40 కిలోబైట్లు. ఒక్క అడ్డువరుసలో ఎనిమిదికి మించి కదలుబొమ్మలు వచ్చినచో మిగిలినవి అదృశ్యమగును; వంతులవారీగా చూపుటచేత అవి మినుకుమినుకుమనును. మా బాలుడు ఇది దోషమని తలచి ఎమ్యులేటరులో ఆ హద్దును తీసివేసియుండెను. తండ్రి దానిని సైతము పసిగట్టెను.

వేగమునకు వత్తము. ఆట తన కాలమును సెకనులతో లెక్కింపదు, చిత్రములతో లెక్కించును. మా పాఠశాల బంట్రోతు గంట కొట్టినపుడే పీరియడు గడచినట్లు లెక్క. అతడు జాగు చేసిన దినమున పాఠములన్నియు జాగగును. అట్లే ఒక్కొక్క చిత్రము గీయుట ముగిసినపుడు చిత్రభాగము ప్రాసెసరునకు గంట కొట్టును. అప్పుడు మారియో ఒక అడుగు, పాట ఒక అడుగు ముందుకు జరుగును. జపాను, అమెరికా టెలివిజనులకు సెకనునకు 60 గంటలు. మన దేశపు టెలివిజనులు 625 గీతలతో సెకనునకు 50 మారులు తెరను నింపునట్టివి. మనబోటి దేశములకై చేసిన నకలు పెట్టెలలో ప్రాసెసరు వేగమును ఇంచుమించు అట్లే యుంచి, గంటను మాత్రము ఆలస్యము చేసిరి. జపాను పెట్టెలో రెండు గంటల నడుమ ప్రాసెసరునకు సుమారు 29,780 స్పందనములు. ఈ పెట్టెలలో 35,464. ఎక్కువైనవన్నియు ఊరక వేచియుండుటకే. కావున ఆట ఆరింట ఒక వంతు మందమగును.

ఇది లెక్క. లెక్కను పరీక్షింపవలెను. ఆ తండ్రి అటకమీదినుండి పాత పెట్టెను, పసుపుపచ్చని కాసెట్టును దింపి యిచ్చెను. కాసెట్టుపై 9999 ఆటలని యున్నది. చూడగా పట్టుమని పది. తక్కినవి అవే ఆటలు వేఱువేఱు చోట్ల మొదలగునవి. మా సామగ్రిగదిలోని పాత పిక్చర్‌ట్యూబు టెలివిజనుకు దానిని తగిలించి, ఛానలు త్రిప్పి త్రిప్పి బొమ్మ రప్పించుటకే ఒక పీరియడు పట్టెను. మారియో ఆటలో పైన 400 నుండి తగ్గుచువచ్చు అంకె కలదు. అది 24 చిత్రములకొకసారి ఒకటి తగ్గును. 400 నుండి 300 వరకు 2,400 చిత్రములు. సెకనునకు 60 అయినచో 40 సెకనులు. 50 అయినచో 48. మారియోను మొదటిచోటనే కదలనీయక నిలిపి, వ్యాయామోపాధ్యాయుని స్టాప్‌వాచితో ముగ్గురు బాలికలు మూడేసిసార్లు కొలిచిరి. ఎమ్యులేటరు 40కి అటునిటు. పాత పెట్టె ప్రతిసారియు 48కి అటునిటు.

తండ్రి చెప్పినదే నిజము. ముప్పది యేండ్ల తరువాత, గడియారము లేక, చేతివ్రేళ్లతోను చెవితోను ఆయన ఆరింట ఒక వంతు తేడాను పట్టెను.

ఎమ్యులేటరులో దీనికొక అమరిక కలదు. దాని పేరు డెండీ. 1992 లో రష్యాలో అమ్మకమునకు వచ్చిన నకలు పెట్టె పేరది. మన పల్లెలలో పిల్లలాడిన పెట్టెకు తగిన అమరిక రష్యాపేరుతో నుండుట వింతయే. అక్కడివారు తమ పెట్టెను కొలిచి వ్రాసిపెట్టిరి, మనము వ్రాయలేదు. ఆ అమరిక పెట్టగానే ఎమ్యులేటరును 48 చూపెను.

ఒక సంగతి దాచరాదు. ఎమ్యులేటరు చేయుట నేరము కాదు. 2000 లో సోనీవారికిని కనెక్టిక్సువారికిని నడచిన వ్యాజ్యమున అమెరికా న్యాయస్థానము కనెక్టిక్సు పక్షముననే తీర్పు చెప్పెను. మన 1957 నాటి కాపీరైటు చట్టము న్యాయముగా ప్రోగ్రాము ప్రతి గలవానికి, అది చెడిపోవునను భయమున మఱియొక ప్రతి తీసియుంచుకొను హక్కునిచ్చుచున్నది. వెలయీయని ఆటను ఎక్కడినుండియో దింపుకొనుట వేరు. ఈ మాట ఆ బాలునితో చెప్పితిమి. కాని 9999 కాసెట్టును చేతపట్టుకొని చెప్పుటచే మా గొంతు అంత గట్టిగా లేదు. మా పరీక్షలో వాడిన ప్రతియు ఈ దోషమునకు దూరము కాదు.

పాట విషయములో ఒక సందేహము మిగిలెను. ఆట మందమైనపుడు పాట శ్రుతి దిగవలెను గదా యని ఒక బాలిక అడిగెను. దిగదు; గంట పాట నడకను మాత్రమే నిర్ణయించును, స్వరము ప్రాసెసరు వేగమునుండి పుట్టును. దీనిని చూచుటకై ప్రార్థనాలయపు హార్మోనియమును తెప్పించితిమి. పాత పెట్టె పాటయు, మొదటి అమరికలోని ఎమ్యులేటరు పాటయు ఒకే మెట్లపై పలికెను. అయినను సంగీతము చెప్పు అమ్మగారు చెవి యొగ్గి విని, పెట్టె శ్రుతి వెండ్రుకవాసి తగ్గియున్నదనిరి. లెక్క చూచితిమి. జపాను పెట్టె ప్రాసెసరు సెకనునకు 17,89,773 స్పందనములు. ఈ జాతి పెట్టెది 17,73,448. నూటికి ఒకటికంటె కొంచెము తక్కువ తేడా.