పెన్ హిల్సు కొండపై ఒక శనివారము

కృష్ణానది విజయవాడను దాటి సముద్రమువైపు సాగు దారిలో, ఎడమగట్టున తోట్లవల్లూరు అను గ్రామమున్నది. చెఱకు, పసుపు, అరటి, కంద పండు చల్లని నేల అది. ఏటి నడుమ లంకలు కలవు. ఊరిలో కొండ మాత్రము లేదు. కొండయెక్కి దైవదర్శనము చేయగోరువారు విజయవాడకు పోయి ఇంద్రకీలాద్రి నెక్కుదురు. లేదా ఏరు దాటి మంగళగిరికి పోయి పానకాలస్వామికి పానకము సమర్పింతురు. ఏడుకొండలకు పోవుట అన్ననో, అది ఏండ్ల తరబడి తలచుకొని చేయవలసిన యాత్ర.

ఆ గ్రామమునుండి ఒక వృద్ధురాలు అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున నున్న కూతురింటికి వచ్చెను. ఆమె పెట్టెలో ఆవకాయ సీసాకును చీరల మడతలకును నడుమ చిన్న పసుపుగుడ్డ మూట యొకటి ఉండెను. అందు పదునొకండు రూపాయలున్నవి. తొమ్మిదేండ్ల క్రిందట ఆమె మనుమడు నెలలు నిండకమునుపే పుట్టి, కొన్ని వారములపాటు ఆసుపత్రిలో గాజుపెట్టెలో నుండెను. తోట్లవల్లూరులో టెలిఫోను ప్రక్క కూర్చుండి ఆ వార్తలు వినుచున్న అమ్మమ్మ, బిడ్డ బ్రతికినచో వానిని వెంటబెట్టుకొని అలిపిరినుండి కాలినడకను తిరుమల కొండ యెక్కెదనని మ్రొక్కుకొని ఆ ముడుపు కట్టెను. బిడ్డ బ్రతికెను, పెరిగెను, బడికి పోవుచుండెను. మ్రొక్కు మాత్రము తీరలేదు. కూతురు స్వదేశమునకు వచ్చిన రెండు పర్యాయములును సెలవులు చాలలేదు. ఇంతలో అమ్మమ్మ మోకాళ్లు అరిగిపోయినవి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నవి. వానిని తలచుకొన్నప్పుడెల్ల ఆమెకు గుండె బరువెక్కెడిది.

"అత్తయ్యగారూ, శనివారము పిట్స్‌బర్గుకు పోవుదము. అక్కడ కొండమీద వేంకటేశ్వరస్వామి యున్నాడు" అని అల్లుడనెను. ఆమె మాటాడలేదు. కాని ఆ తెల్లవారుజామున ముడుపును కొంగున ముడివేసికొని అందఱికంటె ముందుగా సిద్ధమై కూర్చుండెను.

పిట్స్‌బర్గు ఒకప్పుడు ఉక్కు కర్మాగారములకు ప్రసిద్ధికెక్కిన నగరము. అలెఘనీ, మొనాంగహేలా అను రెండు నదులు అచ్చట కలిసి ఓహాయో నదియగును. ఆ కూడలిలో నొక పెద్ద ఫౌంటెను కలదు. దానికి నీరు భూగర్భమున పాఱు జలధారనుండి వచ్చును. ఆలయమును నెలకొల్పినవారు దీనిని చూచి, కనబడు నదులు రెండు, కనబడని నది యొకటి గనుక ఇది త్రివేణీసంగమమువంటిదని చెప్పుకొనిరి. పరదేశమున నివసించువారు తాము నిలిచిన నేలను తమదిగా చేసికొనుటకు ఇట్టి పోలికలు వెదకుకొందురు. ఇందు నవ్వవలసినది ఏమియు లేదు. అమ్మమ్మ మాత్రము ఆ నీటిని చూచి, "మన ఏటికున్నంత వెడల్పు లేదు" అనెను.

అచ్చటినుండి తూర్పుగా పోవు పెద్దరోడ్డు ఒక సొరంగము గుండా సాగును. అది దాటి కొంతదూరము పోగా పచ్చని చెట్ల గుబురులనడుమ, కొండవాలున, తెల్లని గోపురము కనబడెను. "అదిగో!" అని బాలుడు కేకవేసెను. ఆ ప్రదేశమునకు పెన్ హిల్సు అని పేరు.

అమెరికా ప్రభుత్వము 1965లో వలసచట్టమును మార్చిన పిమ్మట తెలుగునాటినుండియు, తక్కిన దక్షిణదేశమునుండియు వైద్యులు, ఇంజనీర్లు పెక్కుమంది అచ్చటికి పోయి స్థిరపడిరి. పిట్స్‌బర్గు ప్రాంతమున నున్నవారు తొలుత అందఱును కలిసి ఒకే ఆలయము కట్టుకొనవలెనని తలపోసిరి. ఏకాభిప్రాయము కుదరలేదు. తిరుమల పద్ధతిని పూజలు జరుగవలెననువారు పెన్ హిల్సున వేంకటేశ్వరాలయమునకు పూనుకొనిరి; అన్ని ప్రాంతముల దేవతలును ఒకచోట ఉండవలెననువారు సమీపమున మన్రోవిల్లులో హిందూ జైన ఆలయమును వేఱుగా నిర్మించుకొనిరి. పెన్ హిల్సున నిర్మాణము 1976లో మొదలయ్యెను. తిరుమల తిరుపతి దేవస్థానమువారు తోడ్పడిరి. శిల్పులు భారతదేశమునుండి పోయి పనిచేసిరి. అమెరికాలో తొలుత వెలసిన హిందూ ఆలయములలో ఇది యొకటి.

కారు కొండదారిని తిరుగుచుండగా అమ్మమ్మ, "బాబూ, ఇక్కడ ఆపు" అనెను.

"గుడి పైన నున్నదమ్మా. కారు వాకిటిదాక పోవును" అని కూతురు చెప్పెను.

"అందుకే ఆపుమంటిని."

చెప్పులు కారులోనే విడిచి ఆమె దిగెను. బాలుడు వద్దన్నను వినక బూట్లు విప్పివైచి వెంట దిగెను. ఎండకు రోడ్డు వేడెక్కి యుండెను. ఇరుప్రక్కల ఇండ్లు, ఇండ్లముందు కత్తిరించిన పచ్చిక. ఒక యింటియజమాని గడ్డికోయు యంత్రమును నడుపుచు, ఈ యిరువురు వచ్చుట చూచి దానిని ఆపి, వారు దాటిపోవువఱకు నిలుచుండెను. పది అడుగులకొకమాటు అమ్మమ్మ మనుమని భుజము పట్టుకొని ఆగుచుండెను.

"అమ్మమ్మా, తిరుమల ఇంతకంటె ఎత్తా?"

"ఇది తిరుమలలో ఒక్క మోకాలిమిట్టకు చాలదు నాన్నా."

నిజమే. ఆ నడక పావుగంట నడక. ఆ మెట్లకు ఇది సాటిరాదని ఆమెకు తెలియును. అయినను వాకిటికి చేరునప్పటికి ఆమె ముఖమంతయు చెమటతో తడిసి, కన్నులు మెఱయుచుండెను.

లోపల సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వఱకు నిత్యపూజలు జరుగును. చలికాలమున మంచు కురిసి గోపురము మునిగియున్నను అవి ఆగవు. పండుగలు కొన్ని తిథినిబట్టి కాక, ఉద్యోగస్థులకు తీఱికయుండు శని ఆదివారములకు జరుపబడును. శనివారము మన వేంకటేశ్వరునిది. ఆ దేశమున సెలవుదినమును అదియే. ఆనాడు దూరప్రాంతములనుండి కుటుంబములు కారులలో వచ్చి, దర్శనమైన పిమ్మట భోజనశాలలో పులిహోర, దధ్యోదనము తిని, చీకటిపడకమునుపు తిరిగిపోవుచుందురు.

దర్శనమైనది. కూతురు హుండీని చూపి, "అమ్మా, ముడుపు వేయుము" అనెను. అమ్మమ్మ కొంగుముడి విప్పి, పసుపుమూటను చేతిలో నుంచుకొని చాలసేపు నిలుచుండెను. వెనుక వరుస పెరుగుచుండెను. చివరకు ఆమె అర్చకుని సమీపించి సంగతి చెప్పెను.

"స్వామి ఒక్కడేనమ్మా. కాని ముడుపు కట్టినప్పుడు మీ మనసులో ఏ కొండ యుండెనో అది మీకే తెలియును" అని ఆయన తీర్థమిచ్చెను.

ఆమె మూటను మరల కొంగున ముడివేసికొనెను. "నడక నాది. నాకు చేతనైనంత నడిచితిని. ఈ రూపాయలు తిరుమలవి" అనెను. కూతురి కంట నీరు తిరిగెను. తాను ఆ మెట్లను ఎన్నడును ఎక్కలేనని తల్లి ఒప్పుకొనుట ఆమె అదే మొదటిసారి వినుట.

బాలుడు తన జేబులోని నాణెము నొకదానిని హుండీలో వేసి వచ్చి, "ఎన్ని మెట్లంటివి?" అని అడిగెను.

"మూడువేల ఐదువందల యేబది."

"నేను లెక్కపెట్టుకొనుచు ఎక్కెదను. మూట నాకిమ్ము."

ఆమె వానిని ఎగాదిగా చూచెను. బూట్లు లేని వాని పాదములు రోడ్డుదుమ్ముతో నల్లబడి యుండెను. ఆ రాత్రి ఇల్లు చేరిన పిమ్మట పసుపుమూట అమ్మమ్మ పెట్టెలోనికి పోలేదు. బాలుని చదువుబల్ల సొరుగులో, పెన్సిళ్ల ప్రక్కన చేరెను.