తండ్రి తాగితే కొడుకూ తాగుతాడా?

"తాత తాగాడు. తండ్రి తాగాడు. ఇక కొడుకు ఊరుకుంటాడా? వాళ్ల రక్తమే అంత!" ఈ మాట ఊళ్లో తరచు వినబడుతుంది. తాగే ఇంటి ఇల్లాలికి ఈ మాట గుండెల్లో గుచ్చుకుంటుంది. కొడుకును చూసినప్పుడల్లా భయమేస్తుంది.

ఈ మాటలో కొంత నిజం ఉంది. బిడ్డకు అమ్మానాన్నల రంగు వస్తుంది. పొడుగు వస్తుంది. అలాగే తాగుడుకు తొందరగా లొంగిపోయే గుణం కూడా రావచ్చు.

1973లో డెన్మార్క్ దేశంలో డాక్టర్లు ఈ సంగతి పరిశీలించారు. తాగుబోతులకు పుట్టి, పసితనంలోనే వేరే ఇళ్లకు పెంపకానికి వెళ్లిన కొడుకులను చూశారు. ఆ పిల్లలు కన్నవాళ్ల ఇంట్లో పెరగలేదు. అయినా వారిలో తాగుడుకు బానిసలైనవారు మిగతా పెంపుడు కొడుకుల కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అయితే ఇంకో సంగతి ఉంది. వారిలో ఎక్కువమంది తాగుబోతులు కాలేదు! రక్తంలో వచ్చేది తాగుడు కాదు. లొంగిపోయే గుణం మాత్రమే. చుక్క నోట్లో పడకపోతే ఆ గుణం ఏమీ చేయలేదు.

"వాడు సీసా తాగినా తూలడు. గట్టి పిండం!" అని కొందరు మెచ్చుకుంటారు. అది మెచ్చుకునే సంగతి కాదు. తాగుబోతుల కొడుకుల్లో కొందరికి మత్తు తక్కువగా ఎక్కుతుంది. "ఇక చాలు" అని ఒళ్లు చెప్పదు. అందుకే ఇంకా పోసుకుంటారు. అమెరికాలో ఇలాంటి కుర్రవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. మత్తు తక్కువ ఎక్కినవాళ్లే తర్వాత ఎక్కువగా బానిసలయ్యారు.

మొదలుపెట్టే వయసు కూడా ముఖ్యమే. 1997లో అమెరికాలో ఒక లెక్క తీశారు. 15 ఏళ్లు నిండకముందే తాగినవాళ్లలో 10 మందికి నలుగురు బానిసలయ్యారు. 21 ఏళ్లు వచ్చాక మొదలుపెట్టినవాళ్లలో 10 మందికి ఒక్కరే. వయసు ఒక్కటే కారణం కాదు. ఇల్లు, స్నేహాలు కూడా కారణమే. కానీ మెదడు సుమారు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. లేత మెదడుకు మత్తు తొందరగా అలవాటవుతుంది.

పిల్లవాడికి మొదటి గుక్క ఎవరు పోస్తారు? చాలాసార్లు ఇంటివాళ్లే. పండగపూట మేనమామ కల్లు గ్లాసు అందిస్తాడు.

"ఒక్క గుక్కే కదమ్మా!"

"వద్దన్నా. వాళ్ల నాన్న సంగతి తెలిసీ పోస్తావా?"

కొందరు సీసా తెమ్మని కొడుకునే దుకాణానికి పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మందు అమ్మకూడదు. అది చట్టం. "నాన్న కోసం" అని పిల్లవాడు అడిగినా దుకాణంవాడు సీసా ఇవ్వకూడదు.