తుపాను కబురు అందాక మూడు రోజుల పని

కార్తీకం వచ్చిందంటే డెల్టా రైతుకు ఒక కన్ను చేను మీద, ఇంకో కన్ను బంగాళాఖాతం మీద. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్... తేదీలు చూస్తే మన పెద్ద తుపాన్లు చాలావరకు సార్వా వరి పాలు పోసుకున్న నాటి నుంచి కుప్ప పడేలోపే వచ్చాయి. గాలిని ఆపడం మన చేతిలో లేదు. కబురుకీ వానకీ మధ్య దొరికే ఆ రెండు మూడు రోజుల్లో ఏ పని ముందు చేయాలో తెలిస్తే మాత్రం చేతికందే గింజ చాలానే ఉంటుంది.

వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి కబురు, 48 గంటల ముందు పసుపు హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ హెచ్చరిక ఇస్తుంది. ఎరుపు వచ్చేసరికి చేలో పనికి టైము ఉండదు, మనుషుల్నీ పశువుల్నీ చూసుకోవాలి. టీవీలో చెప్పే రేవుల ప్రమాద సంకేతం నంబరు ఓడల వాళ్ల కోసం. దాన్ని పట్టుకుని కంగారు పడనక్కర్లేదు, మన మండలానికి ఎంత వాన చెప్పారన్నదే మనకు కావలసింది. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను అంటారు. అలాగని వాయుగుండమేగా అని తీసిపారేయకండి. గాలి తక్కువున్నా నిదానంగా కదిలేదైతే రెండు మూడు రోజులు కుండపోతగా కురిసి పోతుంది. ఎక్కడ తీరం దాటుతుందో కూడా చూడండి. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే తీరం దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం మీంచి నేల మీదికి కొట్టి ఉప్పెనను తోసుకొస్తుంది. దక్షిణాన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి ఆ పక్క ఉప్పెన భయం తక్కువ.

ఇక అసలు సంగతి. కబురు వినగానే కొడవళ్లు పట్టుకుని చేలోకి దిగడం మనకు అలవాటు. నా మాట వింటే ఆ పని చేయకండి. కోయని చేను పడిపోయినా కంకి కొంతైనా నీటికి పైన ఉంటుంది, లేపి కట్టుకోవచ్చు. కోసి పరిచిన పన నీళ్లలో నానితే రెండు మూడు రోజుల్లోనే గింజ ముక్కు పగిలి తెల్లగా మొలక తొంగిచూస్తుంది. మిషను దొరికి, ధాన్యం ఆరబోసుకోవడానికి మెరకో షెడ్డో ఉంటే పండిన చేను కోయించేయండి, మంచిదే. ఆ రెండూ లేకపోతే కోత వాయిదా వేయడమే లాభం. ఇప్పటికే పనల మీద ఉన్నదాన్ని మెరక మీదికి చేర్చి, అడుగున ఎండుగడ్డి వేసి, కంకులు లోపలికి మొదళ్లు బయటికి ఉండేలా కుప్ప వేసి బరకం కప్పండి. పన పచ్చిగా ఉంటే కుప్ప వేసేటప్పుడు వరసల మధ్య ఉప్పు చల్లుకోవాలి.

రెండో పని మురుగు. ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎకరం మీద 40 వేల లీటర్ల నీళ్లు చేరతాయి. 20 సెంటీమీటర్లంటే ఎనిమిది లక్షల లీటర్లు. మీ గట్టుకు గండి కొట్టి మీ నీళ్లు వదిలేసినంత మాత్రాన అవి పోవు, కింది రైతు చేలో నిలుస్తాయి. గుర్రపు డెక్క, తూటికాడ పేరుకున్న మురుగు కాలువను ఆయకట్టు మొత్తం కలిసి తీసుకోవాలి. అదీ అక్టోబరులోనే, కబురు వచ్చాక కాదు. ఆఫీసు వాళ్లు వచ్చి తీస్తారని కూర్చున్న ఊళ్లు ఎన్ని మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తీరానికి దగ్గర ఊళ్లలో ఇంకో చిక్కుంది. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ డ్రెయిను నీళ్లను లోపలికి తీసుకోదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తుపాను వస్తే నీరు తీయడం ఇంకా ఆలస్యం. పాటు వేళ చూసుకుని తూములు తెరిచి, పోటు రాగానే మూయడానికి ఊళ్లో ఒక మనిషిని పెట్టుకోండి.

వాన తెరిపి ఇచ్చాక ముందు చేలో నీరు తీయండి. పడిపోయిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి లేపి కట్టండి. గింజ గట్టిపడిన చేనైతే కంకులు తడిసేలా అయిదు శాతం ఉప్పు ద్రావణం కొట్టండి. లీటరుకు 50 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు పడుతుంది, అంటే పది కిలోల రాళ్ల ఉప్పు. కరిగించి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే నాజిలు పూడుకుంటుంది. పని కాగానే పంపును మంచినీళ్లతో కడగండి, ఉప్పు ఇనుమును తినేస్తుంది. తడిసిన పనల మీదా ఇదే ద్రావణం చల్లవచ్చు. నూర్చిన ధాన్యం తడిస్తే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టి, ఎండ రాగానే తూర్పారబట్టి ఆరబోసుకోవాలి. తడి రాశి మీద బరకం బిగించి వదిలేస్తే లోపల ఆవిరి పడుతుంది. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా ముక్క వాసన వచ్చినా వెంటనే తిరగేయాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. వచ్చే ఏటికి విత్తనం ఎంచుకునేటప్పుడు మాత్రం చేను పడిపోదా అని అడిగి ఊరుకోకండి, గింజకు రెండు వారాల నిద్రావస్థ ఉందా అనీ అడగండి. మార్టేరు రకాల్లో అలాంటివి ఉన్నాయి.

అరటికి వెదురు గెడల ఊతం, కొబ్బరికి ముందుగా దింపు, ఇవి తోట రైతులకు తెలిసినవే. పశువుల్ని మెరకకు తోలండి. తోలే వీలు లేకపోతే పలుపులు విప్పేయండి, కట్టుగొయ్యకు ఉన్న గొడ్డు ఈదలేదు.

ఫసల్ బీమాకు ప్రీమియం కట్టినవారు కోసి చేలో ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లోపు చెప్పాలి. కోసిన 14 రోజుల వరకే ఆ రక్షణ. పనలు ఎత్తకముందే, గట్టూ పక్క చేనూ కూడా కనబడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఈ-పంటలో మీ సర్వే నంబరు ఎక్కిందో లేదో ఇవాళే రైతు సేవా కేంద్రంలో చూపించుకోండి. కౌలు రైతులు మరీ ముఖ్యంగా.