అరిగిన ఫ్లిప్పరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పిన్‌బాల్ అను యంత్రక్రీడ యొకటి కలదు. ఏటవాలుగా నమర్చిన పెద్ద బల్ల, దానిపై అద్దపు మూత, లోపల ఒక ఉక్కుగోళీ—ఇదియే ఆ యంత్రము. ఆటగాడు గోళీని పైకి పంపును. అది బల్లమీది గుబ్బలను తాకుచు, గంటలు మ్రోగించుచు క్రిందికి దొర్లును. అడుగుననున్న సందులో పడినచో ఆ గోళీ పోయినట్లే.

తొలినాళ్ళలో ఈ ఆట చాలవరకు అదృష్టముపై ఆధారపడియుండెను. న్యూయార్కు నగరము 1942లో దీనిని జూదముగా నెంచి నిషేధించెను. 1947లో చికాగోలోని గాట్లీబ్ సంస్థ 'హంప్టీ డంప్టీ' అను యంత్రమునకు ఆరు చిన్న రెక్కలను అమర్చెను. ప్రక్కలనున్న బొత్తాములు నొక్కినచో అవి ఎగిరి గోళీని తిరిగి పైకి కొట్టును. వీనికే ఫ్లిప్పరులని పేరు. వీనితో ఆటలో నేర్పునకు చోటు కలిగెను. న్యూయార్కు నిషేధము 1976లో తొలగెను.

చికాగోలో ఒక యువకుడు తాను కూడబెట్టిన సొమ్ముతో పాత పిన్‌బాల్ యంత్రమొకటి కొని తన యింట నుంచెను. కాని దాని రెండు ఫ్లిప్పరులును బలహీనముగా నుండెను. ఎంత నేర్పుగా కొట్టినను గోళీ సగము దూరము పోయి వెనుకకు దొర్లుచుండెను. "లోపలి తీగచుట్టలు పాతబడినవి" అని యతడు నిశ్చయించుకొనెను.

అతడు బల్లను పైకెత్తి అడుగుభాగమును చూచెను. కుడి ఫ్లిప్పరు లేచినప్పుడెల్ల దాని ప్రక్కనున్న చిన్న స్విచ్చి విడిపోవుచుండెను. అందువలననే బలము పోవుచున్నదని భావించి, అతడు దాని రేకులను ఎన్నడును విడిపోకుండునట్లు వంచెను. ఫ్లిప్పరు వెంటనే కొంత బలము పుంజుకొనెను! అతడు సంతోషముతో చెల్లెలిని పిలిచెను. ఆమె కుడి బొత్తామును నొక్కి పట్టుకొనెను. కొన్ని క్షణములలో మాడువాసన వచ్చెను. బల్ల క్రిందినుండి పొగ లేచెను. అతడు పరుగున పోయి విద్యుత్తీగను గోడనుండి ఊడబెరికెను. కుడి తీగచుట్ట మాడిపోయినది.

పొరుగున ఇట్టి యంత్రములను బాగుచేయు వృద్ధుడొకడుండెను. అతడు వచ్చి చూచి, "నాయనా! దొంగను విడిచి కావలివానిని కట్టివేసితివి" అని నవ్వి యిట్లు వివరించెను:

"ఈ చుట్టలో లావుతీగ యొకటి, సన్నతీగ యొకటి కలవు. బొత్తాము నొక్కగనే లావుతీగలో విద్యుత్తు ఉద్ధృతముగా పారి ఇనుపకడ్డీని లోనికి లాగును. దానితో ఫ్లిప్పరు లేచును. ఆ తీగ అంతటి ప్రవాహమును క్షణకాలమే భరింపగలదు. కావున ఫ్లిప్పరు పూర్తిగా లేవగనే ఈ స్విచ్చి విడిపోవును. పిమ్మట సన్నతీగగుండ స్వల్పమైన విద్యుత్తు మాత్రమే పోవును. లేచిన ఫ్లిప్పరును నిలుపుట కది చాలును. నీ స్విచ్చి మొనలు మసిబారియున్నవి. నీవు వంచుటచే అవి గట్టిగా తాకి బలము కొంత పెరిగినది. కాని విడిపోవు దారి లేక చుట్ట మాడినది."

"అట్లయిన అసలు దొంగ ఎవడు?" అని యువకుడు ప్రశ్నించెను.

"ఎడమ ఫ్లిప్పరును విప్పి నీవే చూడుము."

విద్యుత్తీగ తొలగియున్నదని మరల నిశ్చయించుకొని, యువకుడు పని మొదలిడెను. విప్పుటకు ముందు ప్రతి భాగమునకును ఫొటో తీసికొనెను. కడ్డీ చివర దెబ్బలు తిని తిని పుట్టగొడుగువలె విచ్చుకొనియుండెను. కడ్డీ జారు గొట్టము లోపల నల్లని పొడి పేరుకొనియుండెను. కడ్డీని ఫ్లిప్పరుతో కలుపు లింకు రంధ్రము గుండ్రదనము కోల్పోయి కోలగా సాగియుండెను. స్విచ్చి మొనలు ఇచటను నల్లబడియుండెను. ఒక్కొక్క లోపము స్వల్పమే. అన్నియు కలిసి బలమును హరించుచుండెను.

అతడు గొట్టమున నూనె పోయబోగా వృద్ధుడు వారించెను. "నూనె దుమ్మును పట్టి ముద్ద కట్టును. ఇది పొడిగానే యుండవలెను."

కడ్డీ, లింకు, గొట్టము, కడ్డీని ఆపు ఇనుపబిళ్ళ—ఈ నాలుగింటిని యువకుడు క్రొత్తవి వేసెను. స్విచ్చి మొనలను సన్నని ఆకురాయితో శుభ్రపరచెను. ఫ్లిప్పరు పూర్తిగా లేచిన పిదపనే అవి అంగుళములో ఎనిమిదవ వంతు విడిపోవునట్లు సరిచేసెను. ఫ్లిప్పరు బల్లను రాచుకొనకుండ కొద్ది సందు విడిచెను. తీగచుట్టను మాత్రము మార్చలేదు.

యంత్రమునకు విద్యుత్తు నిచ్చి ఎడమ బొత్తామును నొక్కెను. గోళీ రివ్వున పోయి బల్ల పైకొసను తాకెను. పాతబడినదని అతడు నిందించిన తీగచుట్టయే దానిని కొట్టినది!

కుడి ఫ్లిప్పరునకు ఆ భాగములతోపాటు తీగచుట్టను కూడ కొనవలసివచ్చెను. అది యంత్రపు అరుగుదలకు చెల్లించిన వెల కాదు. తొందరపాటునకు చెల్లించిన వెల. మాడిన చుట్టను అతడు పారవేయలేదు. తన పనిముట్ల పెట్టెలో, పెట్టె తెరవగనే కంటబడునట్లు, అన్నిటికంటె పైన ఉంచుకొనెను.