రెండు తీగెలమీది సంభాషణ



గడచిన మార్చి నెలలో ఒక మధ్యాహ్నమున మా విజ్ఞానశాస్త్రపు గదిలోని చిన్న కంప్యూటరు, పూతలపట్టునందలి ఉష్ణము సున్నకు క్రింద 128 డిగ్రీలని చూపెను. కొంతసేపటికి అది 0 అని చూపెను. మరల సున్నకు క్రింద 128. కిటికీ వెలుపల మామిడియాకులు ఎండకు వాడియుండెను. పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి. గాని ఆ తప్పెక్కడ పుట్టెనో కనుగొనుటకు రెండు దినములు పట్టెను. ఆ రెండు దినములలో నేర్చిన పాఠమునే యిచ్చట వ్రాయుచున్నాము.

1. బస్సు అనగా నేమి?

పూతలపట్టునుండి తిరుపతి మీదుగా నాయుడుపేటకు పోవు రహదారి యొకటియే. దానిమీద గ్రామములు పెక్కు కలవు. ఉత్తరము ఏ యూరికి చేరవలెనో పైనున్న చిరునామా తెలుపును. అట్లే కంప్యూటరులోని అనేక పరికరములు ఒకే తీగెల జతమీద కూర్చబడి, చిరునామానుబట్టి పలుకుట కలదు. ఆ తీగెల జతకే బస్సని పేరు. సమాచారము ఒక్కొక్క బిట్టుగా వరుసను పోవుటచేత దీనిని సీరియల్ బస్సందురు.

మేము వాడినది ఐ-టు-సి యను బస్సు. దీనిని 1982వ సంవత్సరమున హాలండు దేశపు ఫిలిప్స్ సంస్థవారు కల్పించిరి. ఒక తీగె సమాచారమును, మరియొకటి తాళమును మోయును. ఊరకున్నప్పుడు రెండు తీగెలును మీదికెత్తబడి యుండును. పలుకదలచినవాడు క్రిందికి లాగును. కంప్యూటరు మొదట ఏడు బిట్ల చిరునామాను పిలిచి, తాను వ్రాయనున్నదో చదువనున్నదో ఎనిమిదవ బిట్టుతో తెలుపును. ఆ చిరునామాగల పరికరము తొమ్మిదవ తాళమున తీగెను క్రిందికి లాగి, హాజరుపట్టీ పిలిచినప్పుడు మీరు పలుకునట్లే పలుకును. ఏడు బిట్లకు 128 చిరునామాలు కలుగును. వానిలో 16 ప్రత్యేకముగా నుంచబడినందున 112 మాత్రమే వాడుకకు వచ్చును.

2. క్రింది ద్వారము

సాధారణముగా మనకును పరికరమునకును నడుమ డ్రైవరను మధ్యవర్తి యుండి, బైట్లను డిగ్రీలుగా మార్చి చెప్పును. గాని లినక్సునందు ఆ మధ్యవర్తి లేకయే బస్సుతో నేరుగా మాటలాడుటకు ఒక ద్వారము కలదు. దాని క్రమమిది: బస్సును ఒక ఫైలువలె తెరువవలెను, ఐఆక్టల్ అను పిలుపుచే చిరునామా నిర్ణయింపవలెను, వ్రాయవలసినది వ్రాసి, చదువవలసినది చదివి, మూయవలెను. మా ఉష్ణపరికరము ఎల్.ఎం.75, దాని చిరునామా 72. దానికి 0 అని వ్రాసినచో ఉష్ణపు గదిని అడిగినట్లు. పిమ్మట అది రెండు బైట్లను పంపును. మొదటి బైటు పూర్ణ డిగ్రీలను, రెండవదాని మొదటి బిట్టు అరడిగ్రీని తెలుపును. మొదటి బైటు 128 అయినచో సున్నకు క్రింద 128 అని గ్రహింపవలెను.

3. తప్పెక్కడ?

రెండవ దినమున ఒక బాలిక, లెక్క చేయక మునుపే ఆ రెండు బైట్లను విడివిడిగా కాగితముమీద వ్రాసెను. ఒకసారి 128, 31; మరియొకసారి 0, 31. గోడమీది ఉష్ణమాపకమును చూడగా దాదాపు 31. ఆమె వెంటనే, "అయ్యగారూ, ఇవి వెనుకముందులైనవి" అనెను. అది నిజము. మేము రెండు బైట్లను ఒక్కసారిగా తెచ్చు ఎస్.ఎం.బస్ ఆజ్ఞను వాడియుంటిమి. ఆ నియమములో చిన్న బైటు ముందు వచ్చును, ఎల్.ఎం.75 పెద్ద బైటును ముందు పంపును. తీగెలు అబద్ధమాడలేదు, పరికరమును అబద్ధమాడలేదు. విన్నవారమే తలక్రిందులుగా వింటిమి.

ఇది నవ్వి విడువదగిన తప్పు కాదు. ఆరోగ్యకేంద్రములలో శిశువుల టీకామందులను 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను. ఇట్టి లెక్కయే ఆ పెట్టెకు కట్టబడినదనుకొనుడు. కరెంటు పోయి లోపలి వేడి 20 డిగ్రీలకు పెరిగినను మన యంత్రము 0 అనియే చూపును! కావలివాడు చల్లదనము మించెనని తలంచి, దానిని ఇంకను తగ్గించును. సున్నకు క్రింద 128 అన్నది తప్పని అందరికిని తెలియును. 0 అన్నది మాత్రము నిజమువలె తోచును. నిజమువలె తోచు తప్పే యెక్కువ ప్రమాదకరము.

4. బలవంతము వలదు

ఒక చిరునామాను వేరొక డ్రైవరు ముందే వాడుచున్నచో, ఈ ద్వారము "పనిలో నున్నది" అని మనలను త్రిప్పి పంపును. ఆ మాటను త్రోసి లోపలికి పోవు బలవంతపు ఆజ్ఞయు కలదు. గాని ఎదుటి పరికరమేదో ఎరుగక దానిని వాడరాదు. బలవంతము లేకున్నను, ఎరుగని చిరునామాలను తట్టుటయే కీడు చేయవచ్చును. ఇరువది యేండ్లకు మించిన కాలము క్రిందట, ఉష్ణపరికరములను వెదకుటకై చిరునామాలను వరుసగా పిలిచిన యొక ప్రోగ్రామువలన, కొన్ని ఐ.బి.ఎం. థింక్‌ప్యాడ్ యంత్రములలోని జ్ఞాపకపు చిప్పు చెడి, ఆ యంత్రములు మరల లేవకపోయెను. ప్రశ్న అడిగినందుననే కీడు కలిగెను, ఏలయనగా ఆ చిప్పు ఆ ప్రశ్నను వేరొక విధముగా గ్రహించెను. తరువాత ఆ ప్రోగ్రామువారు అట్టి యంత్రములను ముందుగా గుర్తించి, వానియందు వెదకుట మానునట్లు చేసిరి.

ఈ విద్య పిల్లల బల్లకే పరిమితమైనది కాదు. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి లేచు పి.ఎస్.ఎల్.వి. వాహనమునందలి కంప్యూటర్లును 1553 అను సీరియల్ బస్సుమీదనే మాటలాడుకొనును. 1973లో మొదట వెలువడిన ఆ నియమమునందు ఒక అధికారి పరికరము, దాని పిలుపునకు మాత్రమే పలుకు 31 వరకు పరికరములు నుండవచ్చును. పిలువకుండ ఎవరును పలుకరు.

కావున, ప్రియులారా, క్రింది ద్వారము తెరువబడినప్పుడు మూడు మాటలు మరువకుడు: పరికరపు పత్రమును ముందు చదువుడు; లెక్కకు మునుపు బైట్లను ఉన్నవున్నట్లు వ్రాసికొనుడు; మీ ఫలమును మరియొక సాక్షితో సరిచూడుడు. మధ్యవర్తి లేనిచోట బాధ్యత యంతయు మన భుజములమీదనే యుండును. మాకు ఈ పాఠము నేర్పినది మా శిష్యురాలేయని చెప్పుటకు మేము సిగ్గుపడము.

అభ్యాసము

1. ఎల్.ఎం.75 వరుసగా 28, 128 అను బైట్లను పంపెను. ఉష్ణమెంత? తలక్రిందులుగా చదివినచో ఎంతయగును?

2. ఎల్.ఎం.75 చిరునామాలోని మూడు బిట్లను మాత్రమే మనము మార్చవచ్చును. ఒకే బస్సుమీద అట్టివి ఎన్ని యుంచవచ్చును?

3. "పనిలో నున్నది" అను జవాబు వచ్చినప్పుడు మీరు మొదట ఏమి చేయుదురు? కారణము వ్రాయుడు.