ఎండలో వచ్చే వరద: ఒమన్‌లో చేయవలసినవి, చేయకూడనివి

మస్కట్‌లో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తాలో గట్టి వాయుగుండం పడితే ఒక్క రాత్రిలో అంత కురుస్తుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడి వరద గురించి చెబితే నవ్వుతారు. నేనూ నవ్వాను. రెండో ఏడు అనుకుంటా, నిజ్వా వైపు వెళ్తూ ఒక వాదీ గట్టున బండి ఆపాను. వాదీ అంటే మన వాగే, కాకపోతే ఏడాదిలో చాలా రోజులు ఎండిపోయే ఉంటుంది. పైన మబ్బు తునక లేదు. తుమ్మచెట్టు కింద పడుకున్న మేకలు ఉన్నట్టుండి లేచి గట్టెక్కాయి. దూరంగా లారీ వస్తున్నట్టు చప్పుడు. కాసేపటికి మట్టిరంగు నీళ్లు నురగనీ, విరిగిన కొమ్మలనీ, ఒక ప్లాస్టిక్ డబ్బానీ తోసుకుంటూ వచ్చాయి. చూస్తుండగానే తుమ్మచెట్టు సగానికి మునిగింది.

వాన పడింది అక్కడ కాదు, ఎక్కడో హజర్ కొండల మీద. అవి బోడి కొండలు. నీళ్లను పట్టి ఉంచే మన్నూ, చెట్టూ తక్కువ. పడ్డ నీరు పడ్డట్టే కిందికి జారి సముద్రం వైపు పరుగెడుతుంది.

వాదీలో చేయకూడనివి

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటకండి. ముందున్న ల్యాండ్‌క్రూజర్ దాటిందని మీ చిన్న కారు దాటదు. మోకాలి లోతు ప్రవాహం చాలు, చక్రాలు నేలను వదిలేస్తాయి. తెలిసి తెలిసి దాటడం ఇక్కడ నేరం కూడా. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలున్న వాహనం ఇలాంటి వరదలోనే కొట్టుకుపోయింది.

నీడ బాగుందని వాదీ మధ్యలో చాప పరచకండి, కారు పెట్టకండి, రాత్రి టెంటు అసలే వేయకండి. ఇరుకు లోయల్లో ఈతకు దిగేముందు పైకెక్కే దారి ఎటుందో చూసుకోండి. నీరు రంగు మారినా, పుల్లలు కొట్టుకొస్తున్నా సామాను కోసం చూడకుండా ఎక్కేయండి. చెప్పులు మళ్లీ కొనుక్కోవచ్చు.

తుఫాను వార్త వింటే

అరేబియా సముద్రంలో తుఫాన్లు తక్కువే. కానీ వస్తే 2007 నాటి గోనులా వస్తాయి. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ గుర్తుందా? దాని మిగులే దేశం అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో మళ్లీ బలపడి, షాహీన్ అనే పేరుతో అక్టోబరు 3న ఒమన్‌లోని బాతినా తీరాన్ని తాకింది. శ్రీకాకుళంలో అమ్మకు ఫోన్ చేసి "తగ్గిందా?" అని అడిగినవాళ్లే వారం తర్వాత ఇక్కడ మంచాలు ఎత్తిపెట్టుకున్నారు. హెచ్చరిక రాగానే తాగునీళ్లు పట్టి పెట్టుకోండి, ఫోన్లు చార్జింగ్ పెట్టండి, పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. వాదీ పక్కన క్యాంపు ఉంటే ఖాళీ చేయమనేదాకా ఆగకుండా మీరే ముందు అడగండి.

ఎండలో

తీరం ఎండకూ, లోపలి ఎడారి ఎండకూ తేడా ఉంది. తీరాన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రాత్రి కూడా నమ్మడానికి లేదు. 2018 జూన్‌లో ఖురయ్యాత్‌లో ఒక రోజంతా, అర్ధరాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు.

జూన్, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. ఆ మూడు గంటలు నిజంగా నీడలో ఉండండి, క్రికెట్‌కు పోకండి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారం, పది రోజులు పని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. మొదటి రోజే పాతవాళ్లతో పోటీ వద్దు.

మా క్యాంపులో కరీంనగర్ అన్న ఒకాయన, "నీళ్లు తాగితే మాటిమాటికి పోవాల్సొస్తది, ఫోర్‌మన్ గుర్రుగా చూస్తడు" అని గొంతు తడుపుకునేవాడు, అంతే. ఒకనాడు మాట తడబడి, మమ్మల్నే గుర్తుపట్టలేదు. అలా మాట తేడా వస్తే వడదెబ్బ అనే అనుకోండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. 9999కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. ఆయన బతికాడు. ఇప్పుడు లబన్‌లో చిటికెడు ఉప్పు వేసుకుని, మజ్జిగ అని పేరు పెట్టి, అందరి చేతా తాగిస్తుంటాడు.

ఇసుక, ఉప్పునేల

ఎడారిలోకి ఒక్క బండితో వెళ్లకండి. ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి వచ్చేదీ ఎవరికైనా చెప్పి వెళ్లండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. వెతికేవాళ్లకు మనిషి కంటే బండి తొందరగా కనిపిస్తుంది. బర్ అల్ హిక్‌మాన్ లాంటి తీరాల్లో సబ్ఖా ఉంటుంది. పైన తెల్లటి ఉప్పు పెచ్చు, కింద బురద. చూడటానికి సిమెంటు చేసిన కళ్లంలా ఉంటుంది, చక్రం పెడితే దిగబడుతుంది. పాత చక్రాల జాడ వదిలి పక్కకు పోకండి.

సలాలా వెళ్లేవాళ్లకు

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఖరీఫ్. మన పంట పేరే, అక్కడ తుంపర కాలం. కొండలు పచ్చబడతాయి, అందరూ ఫోన్లు పట్టుకుని బయల్దేరతారు. ఆ తుంపర తెచ్చే నైరుతి గాలికే సముద్రం పిచ్చెత్తి ఉంటుంది. ముగ్సైల్ రాళ్ల దగ్గర కంచె దాటకండి. 2022 జులైలో అలా దాటినవాళ్లను అల లాక్కుపోయింది. తడిసిన రాయి కనిపిస్తే అల అక్కడిదాకా వచ్చి వెళ్లిందని అర్థం.

మస్కట్ నుంచి సలాలాకు దాదాపు 1,000 కిలోమీటర్లు. రాత్రి బయల్దేరకండి. ఒంటె ఇసుక రంగులో కలిసిపోతుంది. ఢీకొడితే కాళ్లు బానెట్‌కు తగిలి, ఒళ్లంతా నేరుగా ముందద్దం మీద పడుతుంది. కళ్లు మూతలు పడుతుంటే దారి మధ్యలోని హైమాలో ఆగి పడుకోండి. సలాలా ఎక్కడికీ పోదు.